అన్నం పొట్లంతో పాటు కరపత్రం ఇవ్వవచ్చునా?

ప్రశ్న (స్త్రీల సమాజ సభ్యురాలు, ప్రకాశం జిల్లా)

అందరికీ వందనాలు. మా క్రైస్తవ సంఘంలోని స్త్రీలు వంటకు బియ్యం కొలుచుకునే ప్రతిసారీ ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసి, ఆదివారం గుడికి తెస్తారు. గత ఏడాది నుండి ఆ బియ్యాన్ని అమ్మి కానుకలో కలపకుండా, ప్రతి శనివారం వండి, మా పట్టణంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో రోగుల వెంట వచ్చినవారికి పొట్లాలు కట్టి ఇస్తున్నాము. రోగికి ఆసుపత్రి భోజనం అందుతుంది గాని, తోడు వచ్చిన మనిషి చాలాసార్లు టీతో, బన్నుతో పూట గడుపుకుంటారు.

పొట్లంతో పాటు ఒక సువార్త కరపత్రం కూడా ఇవ్వడం మాకు అలవాటు. మూడు వారాల క్రితం కాన్పుల వార్డు బయట కూర్చున్న ఒక పెద్దావిడ రెండు చేతులా పొట్లం అందుకుని, దాని మీద ఉన్న కరపత్రం చూడగానే తిరిగి నాకు ఇవ్వబోతూ, "ఇది తింటే మీ ప్రార్థనకు రావాలా అమ్మా?" అని అడిగారు. ఆమె మాటలో కోపం లేదు. కొనలేని వస్తువు ధర అడిగినట్టు అడిగారు. రానక్కరలేదని చెప్పి తినమన్నాను గాని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాక్యం లేకుండా అన్నం పెట్టడం ఎవరైనా చేస్తారని, అందులో మన విశ్వాసం ఎక్కడ కనబడుతుందని సంఘ పెద్దలు అంటున్నారు. మేము ఏమి చేయాలి?

జవాబు (విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒంగోలు)

అమ్మా, మీ ప్రశ్న మన జిల్లాకు కొత్తది కాదు. 1876 నుండి 1878 వరకు సాగిన మహాక్షామంలో, ఒంగోలులో పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చిన వేలాది మందికి పని చూపి కూలి ఇచ్చారు. ఆయన దగ్గరి బోధకులే ఆ పనికి మేస్త్రీలు. తవ్వి తవ్వి అలసినవారు కాసేపు కూర్చున్నప్పుడు, ఆ బోధకులు పక్కన కూర్చుని ఓదార్పు వాక్యాలు చెప్పేవారు. అయితే కరువు సాయం నడిచినంత కాలం, అంటే సుమారు 15 నెలల పాటు, బాప్తిస్మం కావాలని ఎందరు అడిగినా ఆయన ఇవ్వలేదు. బియ్యం కోసం ఎవరూ సంఘంలో చేరకూడదన్నదే ఆయన పట్టుదల. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు; 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు.

మన సభల్లో ఆ 2,222ను చెప్పుకున్నంతగా ఆ 15 నెలలను ఎవరూ చెప్పుకోరు. నాకు మాత్రం ఆ 15 నెలలే పెద్దవిగా తోస్తాయి. ఒక మిషనరీ తాను ఏ పని కోసం సముద్రాలు దాటి వచ్చాడో ఆ పనినే, ఎదుటివాడి ఆకలి తీరేవరకు ఆపుకున్నాడు. పొట్లమూ కరపత్రమూ ఒకే చేతి నుండి ఒకేసారి అందితే, ఆకలిగా ఉన్న మనిషికి అవి రెండూ ఒకటిగానే కనబడతాయి. ఆ పెద్దావిడ పొరబడలేదు.

జవాబు (స్టాఫ్ నర్సు, గుంటూరు)

కరపత్రం సంగతి పెద్దలు తేల్చనివ్వండి; నేను వార్డులో చూసినది చెబుతాను. లూకా సువార్త 10వ అధ్యాయంలోని సమరయుడు, దొంగలు కొట్టి దారిలో పడేసిన మనిషికి గాయాలు కట్టి, పూటకూళ్లవానికి రెండు దేనారములు ఇచ్చి ఊరుకోలేదు. ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానన్నాడు. అన్నం తెచ్చేవారు మా ఆసుపత్రికి చాలామంది వస్తారు గాని, మళ్లీ వచ్చి ఆ మనిషి ఎలా ఉన్నాడని అడిగేవారు తక్కువ. బిడ్డతో ఒంటరిగా ఉన్న తల్లి స్నానానికి కూడా మంచం విడిచి వెళ్లలేదు. చదువు రానివారు మందుల చీటీ పట్టుకుని ఏ కిటికీ దగ్గర నిలబడాలో తెలియక తిరుగుతుంటారు. మీలో ఇద్దరు ఒక గంట ముందుగా వచ్చి మంచం దగ్గర కూర్చున్నా, వరుసలో నిలబడినా, అది పొట్లం కన్నా ఎక్కువ సాయం.

జవాబు (సంఘ కాపరి, ఖమ్మం జిల్లా)

ఉపాధ్యాయులవారితో చాలావరకు ఏకీభవిస్తాను గాని, ఒక మాట చేర్చాలి. క్లౌ గారి బోధకులు మౌనంగా లేరు. మనమెవరమో దాచిపెట్టడం కూడా నిజాయితీ కాదు. మనలోని నిరీక్షణను గురించి అడిగే ప్రతివానికి జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమని పేతురు తన మొదటి పత్రికలో రాశాడు. సాత్వికంతో చెప్పమని కూడా అన్నాడు. అడిగినప్పుడు సంఘం పేరు చెప్పండి, ప్రార్థన చేయమంటే చేయండి. ఎవరూ అడగకముందే కాగితం చేతిలో పెట్టడం మాత్రం ఆపండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఆ 15 నెలల సంగతిని నిన్న సమాజ కూటంలో చదివి వినిపించాను. పెద్దలలో ఇద్దరు ఇంకా ఒప్పుకోలేదు గాని, మూడు నెలల పాటు కరపత్రాలు లేకుండా వెళ్లడానికి మా సంఘ కాపరి అయ్యగారు అనుమతి ఇచ్చారు. నర్సు అక్కా, మాలో నలుగురు ఈ శనివారం ఉదయం పది గంటలకే బయలుదేరుతున్నాము. కాన్పుల వార్డులో కూర్చోవడానికి ముందుగా ఎవరిని అడగాలో చెప్పగలరా?