సహజ రంగులైతే గ్లవ్స్ అక్కర్లేదా? పీసు రేటు ఎలా కట్టాలి?

ప్రశ్న: నీలిమందు, కరక్కాయ, పటికతో అద్దకం, మిగిలిన ముక్కలతో సంచులు కుట్టే యూనిట్ మాది. మొత్తం 12 మంది. సహజ రంగులే కదా, చేతులకు ఏమీ కాదంటున్నారు. నిజమేనా? సంచికి ఇంత అని ఇచ్చే కూలి (పీసు రేటు) ఎలా కట్టాలి?

జవాబు 1: కాదండీ. రంగు సహజమైనా నీలితొట్టిలో వేసే సున్నం, హైడ్రోస్ (నీలిమందు నీటిలో కరగడానికి వేసే రసాయన పొడి) చర్మాన్ని పాడుచేస్తాయి. మోచేతి దాకా రబ్బరు గ్లవ్స్, కళ్లద్దాలు ఇవ్వండి. హైడ్రోస్ డబ్బాలో తడి గరిటె పెట్టనివ్వకండి. పొడి వేడెక్కి నిప్పంటుకుంటుంది, ఘాటు వాయువు వస్తుంది. తొట్టి గాలాడే చోటే ఉండాలి. కరక్కాయ పొడి కలిపేటప్పుడు మాస్క్ తప్పదు.

జవాబు 2: పీసు రేటు కొత్త బట్టతో కుట్టి లెక్కగడితే అన్యాయమవుతుంది. ముక్కలు ఏరడం, అతకడం, ఇస్త్రీ, బాబిన్ మార్చడం అన్నీ కలిపి టైమ్ చూడండి. మామూలు వేగంతో 8 గంటలు కుడితే కనీస వేతనం రావాల్సిందే.

జవాబు 3: పీసు మీద కుట్టేవాళ్లూ ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) లెక్కలోకి వస్తారు. 10 మంది ఉంటే నమోదు తప్పనిసరి. వేతనంలో యజమాని వాటా 3.25 శాతం, కార్మికులది 0.75.