అప్‌డేట్: గర్భసంచి తీయక తప్పదా అని అడిగాను కదా

ఫైబ్రాయిడ్ (గర్భసంచిలో వచ్చే క్యాన్సర్ కాని గడ్డ) అనుకుని తీసిన గడ్డకి బయాప్సీలో 'స్టంప్' అని వచ్చింది. మామూలు గడ్డో క్యాన్సరో తేల్చి చెప్పలేని కండర గడ్డ అన్నమాట. నాకు 29 ఏళ్లు, ఇంకా పిల్లల్లేరు. హన్మకొండలో మొదట చూసిన డాక్టర్ గర్భసంచి తీసేయాల్సిందే అన్నారు. అప్పుడే మిమ్మల్ని అడిగాను.

మీరు చెప్పినట్టే ల్యాబ్ నుంచి ఆ గడ్డ ముక్కలున్న స్లైడ్లు, మైనపు బ్లాకులు తీసుకున్నాం. ఎండకు కరుగుతాయేమోనని అమ్మ వాటిని గుడ్డలో చుట్టి, స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి, కాజీపేట నుంచి సికింద్రాబాద్ దాకా ఒళ్లోనే పట్టుకుని కూర్చుంది.

హైదరాబాద్‌లో గైనిక్ ఆంకాలజిస్ట్ (ఆడవాళ్ల క్యాన్సర్ల డాక్టర్) మేడం వాటిని మళ్లీ పరీక్ష చేయించారు. సార్కోమా, అంటే కండర క్యాన్సర్ కాదు, స్టంపే! ఎంఆర్‌ఐలో గడ్డ మిగల్లేదు, ఛాతీ సీటీ కూడా బాగుంది. పిల్లలు కావాలంటున్నాను కాబట్టి గర్భసంచి ఉంచుదాం అన్నారు. ఆ మాటకి అక్కడే ఏడ్చేశాను.

టెన్షన్ పూర్తిగా పోలేదు. ఇది కొందరిలో తిరగబెడుతుంది, ఒక్కోసారి సార్కోమాగా కూడా వస్తుందట. అందుకే ఆరు నెలలకోసారి చెకప్ తప్పకూడదు. కాన్పులయ్యాక గర్భసంచి తీసే సంగతి మాట్లాడదాం అన్నారు. దానికి నేను సిద్ధమే.

మొదటి చెకప్ దసరా తర్వాత. మా ఆయన ఇప్పటికే క్యాలెండర్‌లో ఆ తేదీకి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు.