ఇంగ్లండ్ రాక్ బృందం కామెల్ ఆల్బమ్ ‘స్టేషనరీ ట్రావెలర్’ మీరు మొదట ఎలా విన్నారు?

కోటగుమ్మం (విజయనగరం):
మన వైపు ఈ ఆల్బమ్ విన్నవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా? నాకు మా చిన్నాన్న క్యాసెట్ ఇచ్చారు. తూర్పు బెర్లిన్ నుంచి పడమటికి పారిపోయేవాళ్ల కథ. 1984లో వచ్చింది, అప్పటికి బెర్లిన్ గోడ తెరుచుకోవడానికి ఇంకా అయిదేళ్లుంది. ఆల్బమ్ పేరే పెట్టుకున్న వాయిద్య ఖండికతో మొదటి వైపు అయిపోతుంది. మీట టక్కున పైకి లేస్తుంది. క్యాసెట్ తీసి, తిరగేసి, మళ్లీ మీట నొక్కితే మొదట వచ్చే పాట ‘వెస్ట్ బెర్లిన్’. గోడ దాటించేది వినేవాడి చెయ్యే! ఫోనులో వరస కలిపేసి వింటున్నారంటే ప్రాణం ఉసూరుమంటుంది.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):
నేనూ ఇన్నాళ్లూ అలా వరస కలిపేసే విన్నానన్నయ్యా. మీరు చెప్పాక రాత్రి వరసగా విన్నాను. ‘ఆఫ్టర్ వర్డ్స్’ నుంచి ‘లాంగ్ గుడ్‌బైస్’లోకి వెళ్లేచోట లేచి కూర్చున్నాను. ఇంతకీ ఇందులో ‘వోపోస్’ అనే పాట ఉంది కదా, ఆ మాటకి అర్థం ఏమిటి?

కోటగుమ్మం:
తూర్పు జర్మనీ పోలీసులు తమ్ముడూ, ఫోక్స్‌పొలిట్సైకి పొట్టి పేరు. 1961 ఆగస్టు 13న సరిహద్దు మూసేసినప్పుడు కాపలాకు నిలబడ్డవాళ్లలో వాళ్లూ ఉన్నారు.

నాలుగు తీగలు (విజయనగరం):
ఇక్కడి సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుంటున్నాను. ఆల్బమ్ పేరున్న ఆ ఖండికలో, కామెల్ గిటారిస్టు ఆండ్రూ లాటిమర్ గిటారు ఒక స్వరం మీది నుంచి ఇంకో స్వరానికి దిగే తీరు అచ్చం మన కర్ణాటక సంగీతంలోని జారు గమకమే. వారం నుంచి సాధన చేస్తున్నాను. స్వరాలు పడుతున్నాయి గాని, దిగే ముందు ఆయన ఆగే ఆ క్షణం పట్టుబడటం లేదు.

తంపర (టెక్కలి):
మా తాతయ్య యుద్ధకాలంలో, 1942లో బర్మాలోని రంగూన్ నుంచి అరకాన్ అడవుల మీదుగా నడిచి వచ్చారు. ఎప్పుడు అడిగినా దారిలో తిన్నవే చెప్పేవారు: వెదురు కొమ్ములు, ఎవరో కొంగులో పోసిన అటుకులు. వెంట బయలుదేరిన తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి చుట్ట వెలిగించుకునేవారు. ఈ ఆల్బమ్‌లో పదింటిలో నాలుగింటికి మాటలు లేవు. ‘మిస్సింగ్’ అందులో ఒకటి. అది మోగుతున్నంతసేపూ నాకు ఆ చుట్ట వాసనే.

కోటగుమ్మం:
తంపర గారూ, ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆదివారం విజయనగరం రాగలరా? నా క్యాసెట్ ఇంకా బాగానే ఉంది. టేప్‌రికార్డరే లేదు.

నాలుగు తీగలు:
మా గదిలో ఉందండి. బెల్టు సాగిపోయింది, శనివారంలోగా మార్పిస్తాను.

తంపర:
పొద్దుటి రైలుకు వస్తాను. క్యాసెట్ తిరగేయడం మాత్రం నాకు వదిలేయండి.