ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌ల & ఉంటే ఎర్రర్ వస్తుంది, ఏం చేయాలె?

అన్నా, మాది ఎనుమాముల మార్కెట్ కాడ పత్తి షాపు. పార్టీల లిస్టు ఎక్స్‌ఎంఎల్ (ట్యాగులతోని డేటా రాసే ఫైల్) చేసి ఎక్కిస్తుంటే ఫలానా & సన్స్ అని ఉన్న లైన్ కాడనే ఆగుతుంది, తెలుగు పేర్లు మాత్రం మంచిగనే పోతున్నయ్, పొద్దటి సంది ఇదే లొల్లి, జర చెప్పుండ్రి.

జవాబు: & కనపడంగనే ఎంటిటీ, అంటే గుర్తుకు బదులు రాసే కోడ్, షురువైందనుకుంటది తమ్మీ. దాని ఎనుక ఏఎంపీ అని ఇంగ్లీష్ చిన్నక్షరాలల్ల రాసి సెమీకోలన్ పెట్టు. < ఉంటే & ఎల్‌టీ సెమీకోలన్. తెలుగుకు ఇవేం అక్కర్లే, యూటీఎఫ్-8 అనే అక్షరాల ఎన్‌కోడింగ్‌ల సేవ్ చేస్తే చాలు.

అన్నా ఎక్కింది గని, < ఉండాల్సిన కాడ &, ఎల్‌టీ, సెమీకోలన్ అట్లనే కనపడుతున్నయ్?

ఇంకో జవాబు: ముందుగాల < మార్చి తర్వాత & మార్చినవ్, ఆ కోడ్‌ల ఉన్న గుర్తు గూడ మల్ల మారి డబుల్ అయింది. ఎప్పుడైనా & ఫస్ట్. అసలు చేత్తోని చేసుడెందుకు, పైథాన్ల ఎక్స్‌ఎంఎల్ లైబ్రరీతోని రాపిస్తే అదే చూసుకుంటది. ఖాళీ జాగకు రాసే ఎన్‌బీఎస్‌పీ కోడ్ మాత్రం పెట్టకు, అది హెచ్‌టీఎంఎల్‌ది, ఎక్స్‌ఎంఎల్‌కు సొంతంగ ఉన్నయ్ 5 ఎంటిటీలే.

అయింది అన్నా, మల్ల ఒరిజినల్ ఫైల్ కెళ్లి చేసిన.