ఘోషా, గోస ఒక్కటేనా?

నల్గొండ తమ్ముడు:
మా నాయినమ్మకు ఎనభై దాటినయి. ఊరి గడీ ముచ్చటొస్తే "ఆ దొరసానులకు ఘోషా ఉండె బిడ్డా, మొఖం గూడ చూడలే మేము" అంటది. నాకు చిన్నప్పటి సంది అది "గోస" లెక్కనే వినవడ్తది. నాలుగు గోడల నడుమ ఉండుడు గోసనే గదా అనుకున్న. రెండూ ఒక్క మాటేనా? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

పాలమూరు పంతులు:
కాదు తమ్మీ. గోస మన ఘోష బిడ్డనే. మొత్తుకోవడం, ఏడ్వడం, దాని మీదికెల్లి కష్టం. ఘోషా వేరే ఇంటిది. ఫారసీల "గోషా" అంటే మూల. ఇంట్ల ఒక మూల. ఆ మూలకు కూర్చున్న మనిషి, ఆ తర్వాత పరదా పద్ధతి, అన్నిటికీ అదే పేరైంది. ఇంటి నక్షాల ఉండే మాట ఆడమనిషికి అంటుకున్నదన్నట్టు.

మరి "గ"కు ఒత్తు ఎందుకొచ్చింది? ఘోష మనకు ముందే తెలుసు గనుక దాని పోలికన రాసిన్రని నా అనుమానం. హైదరాబాద్‌ల గోషామహల్ చూడు, ఒత్తు లేదు. తానాషా కాలంల రాణివాసం కోసం కట్టిన మహల్ అని చెప్తరు. అటు విశాఖ, విజయనగరంల మాత్రం అందరు ఘోషాసుపత్రి అనే రాస్తరు. మద్రాసుల 1885ల పెట్టిన విక్టోరియా ఆసుపత్రి పేర్ల గూడ ఈ మాటే ఉండె. మగ డాక్టరు ముందుకు రాని ఆడోళ్ల కోసం కట్టినయి అవి. మూల కోసం ఏకంగా దవాఖానలే లేచినయి!

(రెవిన్యూల లెక్కల మొత్తం పట్టీని "గోష్వారా" అంటరు, అది ఇది కాదు. అందుల "గోష్" అంటే చెవి. కలపకుండ్రి.)

మేస్త్రి కొడుకు, దేవరకొండ దిక్కు:
పంతులు సారు మాట చెప్పిండు, నేను గోడ చెప్త. మా నాయిన పాత గడీల మరమ్మతు పనులకు పోయేటోడు, నేను గూడ ఇటుకలు మోసిన. ముందట కచేరి, వచ్చిపోయేటోళ్లు ఆడనే ఆగాలె. లోపలి దర్వాజకు సూటిగా ఇంకో దర్వాజ ఉండదు. ఎదురుంగ అడ్డం ఒక గోడ, దాని పక్కకెల్లి మలిగి పోవాలె. తలుపు బార్లా తెరిచినా చూపు ఆ గోడకు తగిలి ఆగుతది. కిటికీలు మనిషి తల మీదికి. గాలి రావాలె, చూపు రావద్దు. మా నాయిన "ఈ గోడ బరువు మొయ్యదురా, ఉట్టిగనే నిలవడ్డది" అంటుండె. కూలగొడితే కప్పుకేం కాదు మరి.

నాగర్‌కర్నూల్ అక్క:
మీరంత గడీలే మాట్లాడ్తున్నరు. మాది ఒక్క అర్ర ఇల్లు. ఘోషా ఏడ పెట్టాలె? మా అవ్వ కలుపుకు పోయేది, నాట్లకు పోయేది, ఊరంత చూసేది ఆమె మొఖం. మూలకు కూసోవెట్టాలంటే ముందుగాల ఇంటికి మూలలు ఎక్కువుండాలె, కూసోవెట్టి తిండి పెట్టే భూమి ఉండాలె.

ఇంట్ల పొయ్యికి జాగ చూసిన్రు, బర్రెకు కొట్టం ఏసిన్రు, దొడ్డికి పోనీకె మాత్రం జాగ లేకుండె. తెల్లారకముందు ఒకపారి, పొద్దు గూకినంక ఒకపారి, గుంపుగ చెంబులు వట్కొని పోయేది. నడుమ ఎంతొచ్చినా బిగవట్టుకునుడే. తమ్మీ, నువ్వడిగిన గోస గిది.

నల్గొండ తమ్ముడు:
అక్కా, నిజమే. నేను గడీ కాడనే ఆగిన. పంతులు సార్, ఇంకొక్క మాట. జనానా అందరికి తెలుసు. దాని జోడు మర్దానా ఎందుకు తెల్వది మనకు?

పాలమూరు పంతులు:
మంచిగడిగినవ్. ఫారసీల జన్ అంటే ఆడమనిషి, మర్ద్ అంటే మగోడు. ఇండ్లల్ల రెండు భాగాలకు రెండు పేర్లు. మన నోట్ల జనానానే మిగిలింది, జనానా దవాఖాన, రైల్ల జనానా డబ్బా. ఆడోళ్ల జాగను విడదీసి చెప్పాల్సి వచ్చింది. మిగిలిందంత మగోళ్లదే అయినప్పుడు దానికి మళ్ల పేరెందుకు? ఇల్లు అంటే సరిపాయె.

మేస్త్రి కొడుకు:
నాదో ప్రశ్న. నేను చెప్పిన ఆ అడ్డు గోడకు మా నాయిన "పరదా గోడ" అంటుండె. గద్వాల, వనపర్తి దిక్కు పాత మేస్త్రీలు ఏమంటరో ఎవరన్న చెప్తరా?