ఇంట్లో చేసిన పాట మిక్స్ గురించి పదిమందిని అడిగితే నేర్చుకుంటామా, అయోమయంలో పడతామా?

గదిలో గాయకుడు:
సొంతంగా రాసి, పాడి, గిటార్ వాయించి, లాప్‌టాప్‌లో మిక్స్ చేసిన (గొంతు, వాయిద్యాల పాళ్లు కుదిర్చి కలిపిన) పాట ఒకటి పోయిన వారం ఇక్కడ పెట్టి ఎలా ఉందో చెప్పమన్నాను. గొంతు మునిగిపోయిందని ఒకరు, గొంతు మరీ మీదికి వచ్చేసిందని ఇంకొకరు. బేస్ లేదని ఒకరు, బేస్ తప్ప ఇంకేం లేదని మరొకరు. అందరి మాటా విని ఫేడర్లు (ఒక్కో ట్రాక్ శబ్దం పెంచి తగ్గించే మీటలు) పైకీ కిందికీ జరిపితే చివరికి మొదట ఉన్నదే నయం అనిపించింది. ఇలా అడగడం వల్ల మిక్సింగ్ వస్తుందా, లేక నా చెవిని నేనే నమ్ముకోవాలా?

మోనో మాస్టారు:
అడిగితే రాదు. వాళ్లు దేంట్లో విన్నారో నీకు తెలుసా? ఫోన్ స్పీకర్ కింది స్వరాలను అసలు పలికించలేదు కాబట్టి అందులో విన్నవాడు బేస్ లేదంటాడు. స్పీకర్లను గోడ మూలకు నెట్టేసినవాడి దగ్గర బేస్ ఉబ్బిపోతుంది, వాడు బేస్ తప్ప ఏం లేదంటాడు. ఇద్దరూ నిజమే చెప్పారు, ఇద్దరి మాటా నీకు పనికిరాదు.

నీ గది సంగతీ తక్కువేం కాదు. వెనక గోడకు మీటరు దూరంలో కూర్చున్నావనుకో, గోడకు తగిలి తిరిగొచ్చే శబ్దం 86 హెర్ట్జ్ దగ్గర, అంటే సరిగ్గా బేస్ ఉండే చోట, అసలు శబ్దాన్ని కొట్టేస్తుంది. ఆ గుంటలో కూర్చుని బేస్ చాల్లేదని పెంచుకుంటూ పోతావు. కుర్చీ కాస్త ముందుకు జరిపి విను, నువ్వు ఏ బటనూ ముట్టుకోకుండానే బేస్ మారిపోతుంది. తర్వాత నీ పాట లాంటిదే మంచి పాట ఒకటి పక్కన పెట్టుకుని, రెండిటి శబ్దం సమానం చేసి, మార్చి మార్చి విను. సమానం చేయకపోతే ఏది గట్టిగా మోగితే అదే బాగున్నట్టు ఉంటుంది. శబ్ద తీవ్రత ఒకటే అయినా అన్ని స్వరాలూ చెవికి ఒకేలా వినపడవని, శబ్దం తగ్గేకొద్దీ బేస్ ముందు జారిపోతుందని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపించారు. ఆర్నెల్లు ఈ పని చెయ్. ఎవర్నీ అడగకు.

బీట్ బుజ్జి:
అన్నా, లింక్ మళ్లీ పెట్టవా. పాత థ్రెడ్ దొరకట్లేదు.

డెసిబెల్ దొర:
అవన్నీ తర్వాత. మాస్టర్ (పూర్తయిన పాట) లౌడ్‌నెస్ ఎంత? మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్దం గట్టితనానికి కొలత) దాటితే స్పాటిఫై తగ్గించేస్తుంది.

సరిగమ సంధ్య:
మాస్టారూ, నేను ఒప్పుకోను. వినేవాళ్లు చెప్పే మందు తప్పు కావచ్చు, నొప్పి మాత్రం నిజమే. గొంతు మునిగిందని ఒకరు, మీదికొచ్చిందని ఒకరు అంటే ఇద్దరూ పాటలో వేర్వేరు చోట్ల విని ఉంటారు. నేనూ విన్నాను. పల్లవిలో గిటార్ 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య గట్టిగా మోగుతోంది, హల్లులు తెలిసేది అక్కడే, అందుకే మాటలు మింగేసినట్టున్నాయి. చరణంలో గిటార్ తగ్గగానే అదే గొంతు మొహం మీదికొస్తోంది. ఫేడర్ ఒక చోట పెట్టి వదిలేస్తే అంతే మరి, వాక్యం వాక్యానికీ ఫేడర్ దానంతటదే జరిగేలా ఆటోమేషన్ గీసుకోవాలి.

ఇది ఒక్కడే కూర్చుని ఆర్నెల్లు విన్నా తెలియదు. రాసింది తనే, మాటలన్నీ కంఠతా వచ్చు. వినపడకపోయినా వినపడినట్టే ఉంటుంది.

మోనో మాస్టారు:
దొరా, వాళ్లు మైనస్ 14కి సర్దేది పాట వినిపించేటప్పుడు. వినేవాడు ఆ సెట్టింగ్ ఆపేసుకోవచ్చు కూడా. మిక్స్ చేసేవాడికి అది చట్టం కాదు.

సంధ్యా, నువ్వు చెప్పింది బాగుంది, ఎందుకంటే నీకు చెవి ఉంది. మిగతా పదిమందికీ ఉందా?

డెసిబెల్ దొర:
చట్టం అని నేనెప్పుడన్నాను? దాటితే తగ్గిస్తుంది అన్నాను. తగ్గిస్తుందా లేదా?

మోనో మాస్టారు:
తగ్గిస్తుంది. అయితే?

డెసిబెల్ దొర:
అదే నేను చెప్పింది.

బీట్ బుజ్జి:
ఫోన్‌లో విన్నాను. నాకు మిక్సింగ్ గురించి ఏం తెలియదు కానీ పల్లవిలో గిటార్ డబ్బాలో వాయించినట్టుంది. ఇయర్‌ఫోన్లు పెడితే బాగానే ఉంది. నా ఫోన్‌కి స్పీకర్ ఒక్కటే, దానివల్లేనా?

గదిలో గాయకుడు:
పల్లవి వెడల్పుగా రావాలని గిటార్ ట్రాక్‌ని కాపీ చేసి, ఒకటి ఎడమకీ ఒకటి కుడికీ పెట్టి, కుడిది 12 మిల్లీసెకన్లు ఆలస్యం చేశాను. హెడ్‌ఫోన్లలో అదిరిపోయింది.

మోనో మాస్టారు:
అదిరిపోతుంది. మోనోలో, అంటే ఎడమా కుడీ కలిపి ఒక్కటిగా, విని చూడు. ఒకే శబ్దం 12 మిల్లీసెకన్ల తేడాతో తన మీద తనే పడితే 42 హెర్ట్జ్ దగ్గర మొదలై ఇంచుమించు ప్రతి 83 హెర్ట్జ్‌కూ ఒక గుంట పడుతుంది. దువ్వెన పళ్లలా ఉంటుంది కాబట్టే దాన్ని కోంబ్ ఫిల్టరింగ్ అంటారు. ఏ ఈక్యూ (కింది, పై స్వరాలను పెంచి తగ్గించే పనిముట్టు) పెట్టినా అది పూడదు. కాపీ తీసేసి, అదే గిటార్‌ని రెండోసారి నిజంగా వాయించు. చేతి వేగంలో వచ్చే చిన్న చిన్న తేడాల వల్ల రెండు టేకులు ఒకదాన్నొకటి అలా కొట్టేసుకోవు. అన్ని ట్రాకులూ కలిసే మాస్టర్ ట్రాక్ మీద మోనో బటన్ ఒకటి పెట్టుకుని మధ్య మధ్యలో నొక్కు.

సరిగమ సంధ్య:
మాస్టారూ, ఆ సంగతి ఎవరు పట్టుకున్నారో చూశారా? మిక్సింగ్ తెలియని మనిషి, ఫోన్ స్పీకర్లో. ఎవరి మాట పనికిరాదన్నారో ఆయనే.

మోనో మాస్టారు:
బుజ్జి లక్షణం చెప్పాడు, కారణం నేను చెప్పాను. అదీ తేడా. అయినా నేనెందుకు ఇంత కటువుగా మాట్లాడుతున్నానో చెప్తాను. ఇక్కడే ఒక కుర్రాడి పాటకి నిమిషం, సెకను వేసి మరీ పేజీడు రాశాను. ఏ చోట స అనే శబ్దం చెవిలో గుచ్చుతోంది, ఏ చోట కిక్ డ్రమ్, బేస్ ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి, అన్నీ. "థాంక్స్ బ్రో" అన్నాడు. వారం తిరక్కుండా అదే మిక్స్ పేరు మార్చి మళ్లీ పెట్టాడు. అడిగేవాళ్లకు కావాల్సింది పొగడ్త. ఉచితంగా వచ్చిన సలహాకి విలువ ఉండదు.

సరిగమ సంధ్య:
డబ్బిచ్చినదానికి ఉంటుందా? నా పాట ఒకటి బాగా పేరున్న మిక్సింగ్ ఇంజనీరుకి డబ్బు కట్టి ఇచ్చాను. ఊపిరి తీసుకున్న చప్పుళ్లన్నీ కోసేసి, గొంతుని శ్రుతి సరిచేసే ఆటోట్యూన్‌తో గీత గీసినట్టు చేసి పంపాడు. ఊపిరి వెనక్కి పెట్టమంటే "మీకు చెవి లేదు, నాకు వదిలేయండి" అన్నాడు. అందుకే మీరు పొద్దున్నుంచీ "చెవి, చెవి" అంటుంటే నాకు ఒళ్లు మండుతోంది. ఆ కుర్రాడు మీ సలహా పాటించకపోతే అది వాడి ఇష్టం. పాట వాడిది.

మోనో మాస్టారు:
పాటించకూడదనుకుంటే అడగడం ఎందుకు?

సరిగమ సంధ్య:
వినడానికి! చెప్పినట్టల్లా చేయాలంటే అది అభిప్రాయం కాదు, ఆజ్ఞ. మీ గొడవ పదిమందినీ అడగడం గురించి కాదు, మీ ఒక్కరి మాటే వినాలని.

బీట్ బుజ్జి:
అమ్మో 🙏

మోనో మాస్టారు:
సరే, ముసుగులో గుద్దులాట ఎందుకు. రెండో చరణం దగ్గర నా ధ్యాస పోయింది. నీదీ పోయే ఉంటుంది. మొదటి చరణంలో చెప్పిందే అక్కడ మళ్లీ చెప్పాడు. ఆ మాట అనడానికి ఎవరికీ నోరు రాక గొంతు, బేస్, లౌడ్‌నెస్ అంటూ తిరుగుతున్నాం. ఇలాంటి చోట దొరికే అభిప్రాయాలతో నా అసలు పేచీ ఇదే. పాట గురించి చెప్పాల్సింది కూడా మిక్స్ పేరుతో చెప్తారు, పాపం అడిగినవాడు వెళ్లి ఫేడర్లు జరుపుకుంటాడు.

సరిగమ సంధ్య:
నా ధ్యాస పోలేదు. ఆ చరణమే నాకు నచ్చింది. కానీ పాట గురించి ఎవరూ మాట్లాడలేదన్నది మాత్రం నిజం. గాయకుడూ, నువ్వు అడిగింది మిక్స్ గురించేనా?

గదిలో గాయకుడు:
మిక్స్ గురించే. పాట ఎలా ఉందని అడిగితే మొహమాటానికి బాగుందంటారు, దాంతో ఏం చేసుకుంటాను? రెండో చరణం మాత్రం తీయను మాస్టారూ. అది మొదటి చరణంలో మాటే కాదు, దానికి తిరుగు జవాబు.

మోనో మాస్టారు:
జవాబా? నాకు అలా వినపడలేదే.

గదిలో గాయకుడు:
గిటార్ రెండుసార్లు వాయించి కొత్త లింక్ పెట్టాను. ఈసారి ఒక్కటే ప్రశ్న. రెండో చరణం మొదటి మాట ఏం వినిపించిందో రాయండి. లిరిక్స్ చూడకుండా.

బీట్ బుజ్జి:
"నీడకు". ఫోన్‌లోనే విన్నా. గిటార్ ఇప్పుడు బాగుంది.

డెసిబెల్ దొర:
నాక్కూడా నీడకు అనే.

గదిలో గాయకుడు:
అది "వీడకు".

మోనో మాస్టారు:
ఓహో. అదా జవాబు. అయితే గొంతు పెంచకు, ఆ ఒక్క మాట కింద గిటార్‌ని 2 డెసిబెల్స్ దించు.

సరిగమ సంధ్య:
గిటార్ తప్పు కాదనుకుంటా, పాడేటప్పుడే మొదటి అక్షరం సగం మింగేశాడు. మళ్లీ పాడాలి.

గదిలో గాయకుడు:
రాత్రికి ఆ లైన్ గిటార్ లేకుండా గొంతు ఒక్కటే పెడతాను. అప్పుడూ నీడకు అనే వినిపిస్తే మళ్లీ పాడతా.