నాన్నగారి చేతి వణుకు, కొత్తగా మతిమరుపు: రెండింటికీ సంబంధం ఉంటుందా?

మా నాన్నగారికి 74 ఏళ్లు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నప్పుడు నిశ్చలంగానే ఉంటాయి. గ్లాసు నోటిదాకా తెచ్చేసరికి మాత్రం కుడిచేయి వణికి నీళ్లు చొక్కా మీద ఒలుకుతాయి. సంతకం పెడితే గీత రంపపు పళ్లలా వస్తోంది. డాక్టరుగారు కాగితం మీద సుడి గీయించి చూసి, ఇది పార్కిన్సన్స్ కాదు, ఎసెన్షియల్ ట్రెమర్ (చేతితో ఏదైనా పని చేసేటప్పుడు వణుకు వచ్చే జబ్బు) అన్నారు. పార్కిన్సన్స్‌లో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే మెదడు కణాలు నశిస్తాయి, వణుకు ఎక్కువగా చేయి ఊరికే ఉన్నప్పుడు కనిపిస్తుంది. ఎసెన్షియల్ ట్రెమర్‌లోనేమో చిన్నమెదడుకూ, థాలమస్ అనే మెదడు లోపలి భాగానికీ మధ్య నడిచే సంకేతాల లయ చెడుతుందని వివరించారు. అంతవరకు అర్థమైంది. వణుకుకు థైరాయిడ్ కారణమేమోనని చేయించిన పరీక్షలోనూ తేడా ఏమీ లేదు.

నా సందేహం వేరు. ఈ మధ్య ఆయన మాట మధ్యలో పదం కోసం తడుముకుంటున్నారు. బంధువులేమో "ఆ వయసులో మామూలే" అని కొట్టిపారేస్తున్నారు (వాళ్లకు అన్నీ మామూలే!). వయసు పైబడ్డాక మొదలైన వణుకుతో పాటు మతిమరుపు కూడా వచ్చినవాళ్లు మీ ఇళ్లలో ఉన్నారా? జ్ఞాపకశక్తి పరీక్షలు ఏ దశలో చేయించారు?

ఇంకొకటి. ఈ వణుకు తగ్గడానికి సాధారణంగా ముందు ప్రొప్రనొలాల్ అనే మందు ఇస్తారట గానీ, నాన్నగారికి ఉబ్బసం ఉన్నందున వద్దన్నారు. పైగా ఉబ్బసానికి పీల్చే మందు కూడా వణుకును పెంచవచ్చట! దానికి బదులు ప్రిమిడోన్ అనే మందు తక్కువ మోతాదుతో మొదలుపెడదామంటున్నారు. ప్రిమిడోన్‌తో మగత, తూలడం ఉండవచ్చని చెప్పారు. పెద్దవయసులో అది వాడినవాళ్లకు మొదటి రోజులు ఎలా గడిచాయి? పడిపోకుండా ఎలాంటి జాగ్రత్తలు తీసుకున్నారు? బరువైన చెంచాలు, మూత ఉన్న గ్లాసులు నిజంగా పనికొచ్చాయా?